ముందు ఆపు, తర్వాత అడుగు

జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నీకు వినపడేలా అరిచానంటే ఈ సభ్యుల హాస్టల్లో గోడలకున్న చెవులన్నీ నిక్కబొడుచుకుంటాయి. అందుకని ఉత్తరమే. మిల్లు మగ్గాలు మోతతో నీ చెవులు తినేశాయి గానీ కళ్ళు వదిలిపెట్టాయి. నా కోడిగీతలు చదవడానికి అవి చాలు.

శాసనసభలో కూర్చోవడం మొదలుపెట్టి వారమైంది. కుర్చీ ఎంత మెత్తగా ఉందంటే, అందులో కాసేపు కూర్చుంటే ఎవరికైనా దేశం బాగానే ఉందనిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఈ పెద్దమనుషులు మన మాట ఎందుకు నమ్మలేదో ఇప్పుడర్థమైంది. తప్పు వాళ్ళ బుర్రది ఒక్కటే కాదు, నడుముది కూడా. మొన్న ఒకాయన లేచి, శ్రమ పవిత్రమైనదని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అంత పవిత్రమైనదాన్ని మా చేతుల్లో పెట్టి, లాభాన్ని మాత్రం మీరే ఎందుకు ముట్టుకుంటున్నారు బాబూ అని అడగబోయాను. మైకు నా వైపు రాలేదు.

పత్రికలవాళ్ళు నాకు 'కండెలమ్మాయి' అని పేరు పెట్టారు. జుట్టు నెరిసినా వాళ్ళకి నేనింకా అమ్మాయినే. ఒక విలేకరి వచ్చి, ఇంత పైకి ఎలా వచ్చారని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. మిల్లు గేటు దగ్గర షిఫ్టు మారేటప్పుడు అమ్మ చెప్పులు విప్పి ఇస్తే, వాటినే తొడుక్కుని నేను దారపు కండెల బండి తొయ్యడానికి లోపలికి వెళ్ళేదాన్నని చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత అసలు సంగతి చెప్పాను. పక్క వరసలో ఒకావిడ చెంగు మగ్గం బెల్టులో పడింది. మగ్గాల మోతలో అరుపు వినపడదు గనక నేను చేతులు రెండూ తలపైన అడ్డంగా పెట్టి, కిందికి లాగి, ఆపమని సైగ చేశాను. అందరూ చూశారు. చూసి, ఎందుకు, ఏమైంది అని తిరిగి సైగ చేశారు. ఆ అడగడంలోనే ఆవిడ చెయ్యి పోయింది. ఆ రోజు నుంచి షెడ్డుకి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరు ఆపమన్నా సరే, ముందు ఆపు, తర్వాత అడుగు. ఆ కట్టుబాటు పెట్టినందుకే కంపెనీ నన్ను బయటికి గెంటింది, గెంటినందుకే యూనియన్ నన్ను నాయకురాలిని చేసింది అని చెప్పాను. ఆమె అంతా రాసుకుంది. అచ్చయింది మాత్రం చెప్పుల సంగతి.

నేను పైకి రాలేదురా. నన్ను పంపారు. పైకొచ్చినవాళ్ళు కిందికి చూస్తారు, పంపిస్తే వచ్చినవాళ్ళు వెనక్కి చూసుకుంటారు. ఈ తేడా వీళ్ళకి ఎప్పటికి ఎక్కుతుందో.

మన చెవుల చట్టం మాట ఎత్తాను. మగ్గం మోతకి వినికిడి పోతే అది పనిలో తగిలిన దెబ్బేనని రాయించాలి, యజమాని చేత నష్టం కట్టించాలి. ఇక్కడ పార్టీలో అందరూ 'పెద్దాయన' అనే ఆయన ఒకడున్నాడు. ఆయన తలూపితే గానీ ఏదీ కదలదు. చూద్దామమ్మా అన్నాడు. చూపిస్తాను అన్నాను.

మరదలికి నా మాటగా చెప్పు, మీ ఆయన చెవుల్లో దూది పెట్టుకోవడం ఇప్పుడైనా నేర్చుకోమని.

మీ అక్క

జూన్ 19

అక్కకి,

అందరం బాగున్నాం. నీ మరదలు దూది సంగతి విని, "పెట్టుకోకపోతేనే నా మాట వినడు, పెట్టుకుంటే ఇంకేం వింటాడు" అంది. పెదాలు చూసి చదివాను.

కాంటీన్లో టీవీ పెట్టారు. సభ నడిచే రోజుల్లో అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోతోంది అందరికీ. పక్కనే షెడ్డు మోత, మాలో సగం మందికి చెవులు లేవు, ఆ టీవీ ఏం మాట్లాడుతుందో ఎవరికీ వినపడదు. అయినా నష్టమేం లేదు. నీ నోరు ఎవరూ చూడరు, చేతులే చూస్తారు. నీకు తెలుసో లేదో, నువ్వు సభలో మాట్లాడుతున్నంతసేపూ నీ చేతులు మన షెడ్డు భాషలో వాటి మాటలు అవి మాట్లాడుతూనే ఉంటాయి. మొన్న ఎవరో మంత్రి లోపలికి రాగానే నీ చెయ్యి మెడ వెనక్కి పోయింది. 'మేస్త్రీ వస్తున్నాడు, జాగ్రత్త' అని. కాంటీన్ మొత్తం విరగబడి నవ్వింది. వంటవాడికి అర్థంకాక, కూరలో ఉప్పు ఎక్కువైందా అని అడిగాడు.

ఇక అసలు విషయం. గొడుగు మేనేజరు గుర్తున్నాడుగా, నెత్తిమీద దూది నూగు పడకుండా షెడ్డులో కూడా గొడుగు వేసుకు తిరిగేవాడు. వాడిప్పుడు కొత్త పద్ధతి తెచ్చాడు. ఇకనుంచి మనిషికి నాలుగు మగ్గాలు కాదట, ఆరట. ఒక మనిషి ఆరింటి మధ్య పరుగెడితే ఎక్కడ దారం తెగిందో చూసుకునేది ఎప్పుడు, ఎవరైనా సైగ చేస్తే చూసేది ఎప్పుడు? ఇది పని పెంచడం కాదక్కా, కళ్ళు కూడా పీకెయ్యడం. చెవులు ఎలాగూ తీసుకున్నారు.

కుర్రకారు ఆగేలా లేరు. నన్ను శాఖ కార్యదర్శిని చేసి నెత్తిన కూర్చోబెట్టుకున్నారు గనక నన్నే పీక్కు తింటున్నారు. నువ్వు ఏమంటే అది.

నీ తమ్ముడు

జులై 2

తమ్ముడూ,

నేను ఏమంటే అదా? కార్యదర్శివి నువ్వు. అయినా అడిగావు గనక చెబుతున్నాను. ఆవేశపడొద్దు. ముందు సమ్మె నోటీసు ఇవ్వండి, రెండు వారాలు ఆగండి, ఆ తర్వాత మగ్గాలు ఆపండి. నోటీసు లేకుండా ఆపితే చట్టం వాడి గొడుగు కిందికి చేరుతుంది. పనిలోంచి తీసేస్తే అడ్డుపడేవాడు ఉండడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకొద్దు.

మేనేజరులా మాట్లాడుతున్నానని నువ్వనుకుంటావు. అనుకో. చట్టం వాళ్ళు రాసుకున్నదే. కానీ అందులో మనకోసం మనం కొట్లాడి దూర్చిన ముక్కలు కూడా ఉన్నాయి. మనం దూర్చినవి మనమే వాడుకోకపోతే, వాటిని దాచిపెట్టుకుని ఏం చేసుకుంటాం?

ఇంకొకటి, నీకు మాత్రమే. నన్ను కార్మిక శాఖలో ఉపమంత్రిని చేస్తామంటున్నారు. ఈ నెలాఖరులో ప్రమాణం. పెద్దాయనే పిలిచి చెప్పాడు. నాకేం ఒళ్ళు పొంగిపోలేదు, కానీ ఆ శాఖ తాళం చేతికొస్తే చెవుల చట్టం ముందుకి నడుస్తుంది. ఆరు మగ్గాల పద్ధతి మీద విచారణ వేయించగలను. అందుకే అంటున్నాను, ఈ నెల కాస్త ఓపిక పట్టండి.

నా చేతుల సంగతి రాశావు. చదివి సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఇకమీదట బల్ల కింద పెట్టుకుని మాట్లాడతాను.

అక్క

జులై 17

అక్కా,

ఆపేశాం.

నువ్వు అలా చెప్పేస్తావని ఎవరూ అనుకోలేదు. నోటీసులు, రెండు వారాలు అని పెద్ద పాఠం చెప్పిన మనిషివి. నేను నీ ఉత్తరం చదివి వినిపిస్తే కుర్రాళ్ళు మొహాలు వేలాడేశారు. అలాంటిది బుధవారం మధ్యాహ్నం కాంటీన్లో అందరం ఉండగా, సభలో గోలగోలగా ఉండగా, నువ్వు నిలబడి రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి కిందికి లాగావు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. చెయ్యి కడుక్కోకుండానే లేచారు కొందరు. లోపలికి వెళ్ళి, పనిలో ఉన్నవాళ్ళకి అదే సైగ చేశాం. ఒకరు కూడా ఎందుకని అడగలేదక్కా. ఒక్కో వరసా మగ్గాన్ని ఆపే పిడి లాగుతూ పోయింది. చివరి మగ్గం ఆగాక, నాకు వినపడకపోయినా, నిశ్శబ్దం నేలలోంచి పాదాలకి తెలిసింది. మోత ఆగితే ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టుంటుంది.

గొడుగు వాడు పరుగెత్తుకొచ్చి ఎవరు చెప్పారని అరిచాడు. కుర్రాళ్ళు టీవీ వైపు చూపించారు. వాడు గొడుగు మూసేశాడు. జీవితంలో మొదటిసారి వాడి నెత్తిమీద నూగు పడింది.

సాయంత్రానికి గేటుకి తాళం వేశారు. నోటీసు లేదు కాబట్టి చట్టవిరుద్ధమట. మాకేం భయం? చెప్పింది ఎవరు? రేపు ఉపమంత్రి అయ్యే మనిషి.

ఊరంతా తలెత్తుకుని తిరుగుతున్నాం. నీ మరదలు గేటు దగ్గర మంచినీళ్ళు మోస్తూ, "మా వదిన" అని కనపడినవాళ్ళందరికీ చెబుతోంది.

నీ తమ్ముడు

జులై 21

ఒరేయ్,

ఎంత పని చేశార్రా.

నేను మీకు చెప్పలేదు. ఆ రోజు సభలో అటువైపు వాళ్ళందరూ లేచి, ఆరు మగ్గాల గురించి నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వకుండా బల్లలు చరుస్తున్నారు. మోత ఎక్కువైతే నా నోరు దానంతటది మూసుకుపోయి చేతులు లేస్తాయి, అది మన ఒంటికి పట్టిన పని. నోళ్ళు ఆపండి అని వాళ్ళకి చెప్పాను. వాళ్ళు ఆగలేదు. అంత దూరంలో ఉన్న మీరు ఆగారు.

నీ ఉత్తరం చదువుతూ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వే వీలు లేదిప్పుడు. పెద్దాయన తన గదిలోకి పిలిచి, మీరు పిలిచారా లేదా, ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. పిలవలేదని చెప్పాను. నిజం చెప్పడానికి నాకు భయమెందుకు? ఆ ముక్కే పత్రికలకి కూడా చెబుతామన్నాడు. సరేనన్నాను.

నువ్వు నేను చెప్పినట్టు విను. లోపలికి వెళ్ళిపోండి. పొరపాటు జరిగిందని చెప్పండి, నోటీసు ఇవ్వండి, గడువు దాటాక దర్జాగా మళ్ళీ బయటికి రండి. సోమవారం నా ప్రమాణం. ఆ మర్నాడే మీ విచారణ కాగితం మీద సంతకం పెడతాను. ఈ కొద్ది రోజులు గట్టెక్కించు చాలు.

అక్క

జులై 24

గౌరవనీయ సభ్యురాలు గారికి,

మీ ఉత్తరం సాయంత్రం అందింది. మీ మాట మాత్రం పొద్దున్నే పత్రికలో వచ్చేసింది. 'ఇది క్రమశిక్షణ లేని కొందరి పని. వారిపై యాజమాన్యం తీసుకునే చర్యకు నాకు అభ్యంతరం లేదు.' పైన మీ ఫొటో. కంపెనీ వాళ్ళు దాన్ని కత్తిరించి గేటుకి అంటించారు. దాని పక్కనే పనిలోంచి తీసేసినవాళ్ళ జాబితా. ముందు వరసలో పిడి లాగిన అందరి పేర్లూ ఉన్నాయి. మొదటి పేరు నాది. మీ మాట చదివినవాడు కళ్ళు పక్కకి తిప్పితే తన పేరు కనపడేలా ఏర్పాటు చేశారు. పనితనం ఉంది వాళ్ళ దగ్గర.

మీరు పిలవలేదన్నారు, ఒప్పుకుంటాం. మేము పొరబడ్డాం, అదీ ఒప్పుకుంటాం. కానీ లోపలికి వెళ్ళిపోండి అన్నారే, దానికి మాత్రం జవాబు వినండి. ఆపినప్పుడు మీ చెయ్యి చూసి ఆపాం. ఆపాక అడిగాం. మనిషి కోసం మగ్గమా, మగ్గం కోసం మనిషా అని కంపెనీని అడిగాం. వాడు తాళంతో జవాబిచ్చాడు. అందుకని బయటే ఉన్నాం. మీ చేతికి సంబంధం బుధవారంతో తీరిపోయింది. గురువారం నుంచి నిలబడ్డవి మా కాళ్ళు.

క్రమశిక్షణ లేదా మాకు? ఒక్క సైగకి షెడ్డు మొత్తం ఆగింది. మీ సభలో ఎవరైనా ఆగారా?

ఇంట్లో ఆవిడ ఒక ముక్క రాయమంది. వదినగారికి మెత్తటి కుర్చీ అలవాటైందా అని. నేను రాయనన్నాను. రాయకపోతే అన్నం పెట్టనంది. రాశాను.

శాఖ కార్యదర్శి

ఆగస్టు 1

తమ్ముడూ,

నన్ను 'గారు' అని పిలిచిన ఉత్తరాన్ని బల్ల మీద పెట్టుకునే ఇది రాస్తున్నాను. నువ్వు తిట్టినా బాధపడేదాన్ని కాను.

నేనన్నది ఒకటే మాట. పిలవలేదని. క్రమశిక్షణ, చర్య, అభ్యంతరం, ఆ చెత్తంతా పార్టీ ఆఫీసులో కూర్చుని వండి, నా పేరు పెట్టి వడ్డించారు. పత్రిక చూసిన వెంటనే పెద్దాయన గదికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను అనని మాటలు నా నోట్లో పెట్టిందెవరని అడిగాను.

"మీరన్నదాన్నే కాస్త పూర్తి చేశామమ్మా," అన్నాడు.

"నా మాట పూర్తి చెయ్యడానికి నాకు నోరుంది. ఖండన ఇవ్వండి."

"సోమవారం ప్రమాణం పెట్టుకుని ఖండనలేంటి? ఆ జాబితాలో ఉన్నవాళ్ళు మీకు ఏమవుతారని ఇంత ఆరాటం?"

"మొదటివాడు తమ్ముడు. తర్వాతవాళ్ళు అంతకన్నా దగ్గర."

ఇక ఆయనతో మాట అనవసరమనిపించి సభలో లేచాను. ఈసారి మైకు వచ్చేదాకా కూర్చోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ సమ్మె నేను పిలవలేదు, అది నిజం. పిలిచి ఉండాల్సింది, అదీ నిజం. నా పేరుతో వచ్చిన ప్రకటన నాది కాదు. మనిషికి ఆరు మగ్గాలు కట్టేవాడిని వదిలేసి, ఆగినవాళ్ళకి క్రమశిక్షణ నేర్పడం నా వల్ల కాదు. వాళ్ళని తీసేసిన కంపెనీ పక్షాన ఈ ప్రభుత్వం ఉంటే ఆ ప్రభుత్వంలో నాకు కుర్చీ వద్దు. ఇంత చెప్పి, ఉపమంత్రి పదవి అక్కర్లేదని అక్కడే రాసిచ్చాను. ఆ పదవి ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అన్ని పత్రికలూ ఫోన్లు చేస్తున్నాయి, ఈసారి ఎవరూ చెప్పుల సంగతి అడగలేదు.

నాకు బాధ లేదు. ఎన్నాళ్ళ తర్వాతో నన్ను నేను గుర్తుపట్టగలిగాను. పదిహేనో తేదీ బండికి బయల్దేరి వస్తున్నాను. గేటు ముందు మీతోపాటు నేలమీద కూర్చుంటాను. వాళ్ళు జాబితా చింపేదాకా లేవను. మరదలికి చెప్పు, మెత్తటి కుర్చీ వదిలేసి వస్తున్నానని. అప్పుడైనా నీకు అన్నం పెడుతుందేమో.

మీ అక్క

ఆగస్టు 9

అక్కా,

ఇంట్లోనూ, షెడ్డులోనూ నీకు పెట్టిన 'గారు' తీసేశాం. ప్రకటన నీది కాదని తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను. నిన్ను అన్న మాటలకి నీ మరదలు ఒక పూట అలిగింది, నా మీద. తను రాయమంటే మాత్రం నేను ఎందుకు రాయాలట.

నువ్వు బయల్దేరొద్దు. జాబితా చింపేశారు.

నువ్వు సభలో మాట్లాడిన మర్నాడే నది అవతలి మిల్లులో మగ్గాల మనుషులు మాకు మద్దతుగా సమ్మె నోటీసు ఇచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్క మిల్లూ. అందరూ పద్ధతి ప్రకారమే, నువ్వు చెప్పిన రెండు వారాల గడువుతో. ఆ గడువు ముంచుకొస్తుంటే యజమానులకి చెమటలు పట్టాయి. గొడుగు వాడు చర్చలకి పిలిచాడు. పిలిచి, నాతో కాదు, సభ్యురాలు గారు వచ్చి సంతకం పెడితేనే ఒప్పందం అన్నాడు. మాలో కొందరు కూడా నిన్నే పిలుద్దామన్నారు. చాలాసేపు కీచులాడుకున్నాం. చివరికి బల్లకి ఇటువైపు మగ్గం మనుషులే కూర్చున్నారు. నాకు వినపడదు గనక నీ మరదలు పక్కన కూర్చుని నాకు చెవులైంది. గొడుగు వాడు ఒక మాట మెత్తగా అంటే, ఆవిడ దాన్ని నాకు చెప్పేటప్పుడు మెత్తదనం తీసేసి చెప్పేది. అందువల్ల ఎక్కడా మోసపోలేదు.

తీసేసినవాళ్ళందరినీ తిరిగి తీసుకున్నారు. ఆరు మగ్గాల పద్ధతి ఎత్తేశారు. ఒప్పందం కింద మా సంతకాలే ఉన్నాయి. నిన్న ఉదయం సైరన్‌కి అందరం లోపలికి నడిచాం.

ఇప్పుడు నీతో కొట్లాటకి వస్తున్నాను, తిన్నగా కూర్చో.

నీ ఉత్తరం శాఖ సమావేశంలో చదివించాను. సభలో నువ్వన్న మాటలకి షెడ్డు దద్దరిల్లింది. కానీ పదవి వద్దని రాసిచ్చానన్న చోట చప్పట్లు ఆగిపోయాయి. నువ్వేమో ఏదో త్యాగం చేసినట్టు, నిన్ను నువ్వు గుర్తుపట్టుకున్నట్టు రాశావు. బాగుంది, గుర్తుపట్టుకున్నావు, సంతోషం. మరి మా సంగతి? ముందు లేచి మాట్లాడింది నీ మరదలే. "ఆ కుర్చీ వదిన పుట్టింటి వాళ్ళు పెట్టిన సారెనా, అలిగి విసిరికొట్టడానికి? అది మనం పంపితే వచ్చిన కుర్చీ. పారేసే ముందు మనల్ని అడిగిందా?" అంది. ఒక్కరూ కాదనలేదు. చెయ్యి పోయిన ఆవిడ ఆ రోజు సమావేశానికి వచ్చింది. ఆవిడ మాత్రం నవ్వుతూ, "కోపం తప్పు కాదు, కానీ కోపంలో సొంత గిన్నె పగలగొట్టుకునేవాళ్ళని చూసి పక్కింటివాళ్ళు నవ్వుతారు," అంది.

నువ్వు పదవి వద్దంటే ఎవరు సంతోషించారో ఆలోచించావా? పెద్దాయన. నీ మాటలకి ఆయనకి తలనొప్పి వచ్చి ఉంటుంది, నీ కాగితం చూశాక ఆ రాత్రి హాయిగా పడుకుని ఉంటాడు. నీలాంటివాళ్ళని బయటికి తోసే శ్రమ వాళ్ళకి ఉండదు, మీరే మంచితనంతో తలుపు తీసుకుని వెళ్ళిపోతారు. మంచివాళ్ళు అలిగి వదిలేసిన కుర్చీలన్నీ లెక్కేస్తే, అవే ఈ దేశాన్ని ఏలుతున్న కుర్చీలు.

గేటు ముందు నేలమీద కూర్చుంటానన్నావు. ఇక్కడ నేలకి కరువు లేదు, కూర్చోడానికి మనుషులకి కరువు లేదు. కుర్రాళ్ళు ఉన్నారు, ఆడవాళ్ళు ఉన్నారు, చెవిటి కార్యదర్శి ఉన్నాడు. అక్కడ నువ్వొక్కదానివే.

ఆ పదవి ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నావు. ఎందుకు ఇవ్వలేదో తెలుసా? ఇన్ని మిల్లులు నోటీసులు ఇచ్చాక, నిన్ను కాదని ఇంకొకడిని అందులో కూర్చోబెట్టే ధైర్యం వాళ్ళకి లేదు. రేపు పొద్దున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళు. నా కాగితం నాకు తిరిగి ఇవ్వండి, మా వాళ్ళు ఒప్పుకోలేదు అని చెప్పు. బతిమాలొద్దు. వివరించొద్దు. వెళ్ళి కూర్చో.

నీ తమ్ముడు, షెడ్డు మొత్తం తరఫున